జాలీ మంచం

కొండాపూర్,
14 జూన్ 1998

ఉమక్కా,

ముందు క్షేమ సమాచారాలు రాయాలంటారు. రాయను. ఇక్కడ నాకు ఒళ్లు మండిపోతోంది, అదే సమాచారం.

నువ్వు బెంగళూరు రైలెక్కిన వారానికే మన ఇంటి వెనక ఇనుప టవరు లేపారు. మాదాపూర్‌లో మేం వైరింగ్ చేస్తున్న గుండ్రటి బిల్డింగు లాంటివి ఇంకా చాలా వస్తాయట. వాటికి ఇప్పుడున్న కరెంటు చాలదట. అందుకని పెద్ద లైను. తీగలు సరిగ్గా మన రేకుల మీదుగా పోతాయి. మమ్మల్ని అడిగారా? అడగలేదు. సర్వేవాడు వచ్చి సున్నంతో గీత గీసి, మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయాడు. వాడికి చాయ్ ఎందుకిచ్చావని అమ్మ మీద అరిచాను. "ఎండల పడి వచ్చిండు, నీళ్లన్న ఇయ్యొద్దా" అంది. ఈ ఊరు ఇట్లనే అమ్ముడుపోయింది, చాయ్‌లు పోసి.

మంచి మాట ఒకటుంది. మా వదిన కనకలక్ష్మికి మూడో నెల. పోయినేడు నాలుగో నెలలో కడుపు పోయినప్పుడు నువ్వే కదా ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. అందుకని ఈసారి ఎవరికీ చెప్పొద్దని మా అన్న వీరేశం ఇంట్లో అందరితో ఒట్టు పెట్టించాడు. నీకు చెబుతున్నాను. నువ్వు ఆ 'ఎవరికీ'లో రావు.

అమ్మ కోడిని పొదగేసిన గంపలో మళ్లీ ఇనుప చీల పెట్టింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా వాళ్ల అమ్మ పెట్టేదట. ఈమె బండలు పేల్చే డైనమైట్‌కు పెడుతోంది. తీసి అవతల పారేశాను. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు, అన్నం మాత్రం గిన్నె చప్పుడు చేసి పెడుతోంది.

నీ గది ఎవరికీ కిరాయికి ఇయ్యలేదు. ఇయ్యనియ్యలేదు. నీ గుడ్లు పొదిగించడానికి నేను చేసిచ్చిన థర్మకోల్ పెట్టె అక్కడే ఉంది. బల్బు మాత్రం తీసి వంటింట్లో పెట్టుకున్నాం. అక్కడ లాబ్‌లో నువ్వు కోడిపిండాలతో ఏం చేస్తున్నావో అర్థమయ్యేటట్టు రాయి. పదో తరగతి తప్పినవాడికి ఎందుకులే అనుకుంటే రాయకు.

సాయిచంద్


బెంగళూరు,
5 జులై 1998

సాయీ,

నీ ఉత్తరం విప్పగానే వేడి తగిలింది. హాస్టల్ మెట్ల మీదే కూర్చుని చదివేసి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కనకం సంగతి ఎవరికీ చెప్పనులే. చెప్పుకుందామన్నా ఈ అంతస్తులో తెలుగు వచ్చినవాళ్లు లేరు.

నువ్వు అడక్కపోయినా రాసేదాన్నే. గుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోస్తాం. లోపల పచ్చసొన మీద పిండం పెసర మొలకంత ఉంటుంది. దాని పక్కకి సన్నటి సూది తెస్తాం. కంటికి కనిపించనంత చిన్నగా వణుకుతుంది ఆ సూది. వణుకుతూ, అక్కడ కరెంటు ఎటు పోతోందో, ఎంత పోతోందో చెబుతుంది. అవును, కరెంటే. ఎవరూ ప్లగ్గు పెట్టలేదు. పిండం తనంతట తాను పుట్టించుకున్నది. దాని చర్మం ఉప్పుని లోపలికి తోస్తూ ఉంటుంది. ఆ తోపుడుకి కరెంటు పుట్టి, తోక మొలిచే చోటునుంచి బయటికి వస్తుంది. నీ టెస్టరుకి ఆనదు, అంత తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ కరెంటు కారిపోవడానికి పక్కదారి ఇస్తే ఏమవుతుందో చూద్దామని, వెంట్రుకంత సన్నటి బోలు గొట్టం ఒకటి పిండంలో గుచ్చాను. మూడోనాడు కిటికీ తెరిచి చూశాను కదా, తల ఉంది, గుండె కొట్టుకుంటోంది, తోక లేదు. మొలవలేదు. సాయీ, ఎక్కడ ఏ భాగం రావాలో ఆ కాస్త కరెంటే చెబుతోందన్నమాట. అది చెదిరితే ప్రాణి రూపమే మారిపోతుంది. పరిగెత్తుకుపోయి మా సారుని పిలుచుకొచ్చాను.

పిన్నిగారి గంపలో చీల తీసి పారేయడం తప్పు. ఆవిడ గంప, ఆవిడ గుడ్లు. క్షమించమని అడుగు. నువ్వు అడగవని తెలుసు, కనీసం కొత్త చీల కొనిపెట్టు.

ఉమక్క


కొండాపూర్,
9 ఆగస్టు 1998

ఉమక్కా,

నీ ఉత్తరం మడతల దగ్గర చిరిగింది. అన్నిసార్లు చదివాను.

లైనులో కరెంటు వదిలారు. చీకటి పడ్డాక ఒక ట్యూబులైటు చేతిలో పట్టుకుని మన పెరట్లో నిలబడ్డాను. వైరు లేదు, హోల్డరు లేదు. ట్యూబు దానంతట అదే మసకగా వెలిగింది. నీ పిండానిది నా టెస్టరుకు ఆనని కరెంటు అన్నావు. అది కాస్త చెదిరితేనే తోక పోయింది. మరి ఇది? గాలిలో ట్యూబును వెలిగించేది, మా వదిన పడుకునే మంచం మీదుగా పగలూ రాత్రీ పోతుంటే, లోపలున్న దానికి ఏం చెబుతుంది? ఏ భాగం రావొద్దని చెబుతుంది?

కరెంటాఫీసుకు పోయాను. ఇంజనీరుకు నీ కోడిపిండం సంగతి చెప్పాను. ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, మీ ఇంట్లో ఎవరికైనా తోక కావాలా అని అడిగాడు. టేబులు మీద గుద్దాను. బయటికి నెట్టారు.

అందుకని నాకు చేతనైంది నేను చేశాను. కోళ్ల జాలీ కొనుక్కొచ్చి వదిన మంచానికి పైనా పక్కలా కట్టి, వైరు తీసి బోరు పైపుకు ఎర్త్ ఇచ్చాను. ట్యూబు లోపల పెట్టి చూశాను, వెలగలేదు. వదినకు మొత్తం చెప్పాను, అందులో ఎందుకు పడుకోవాలో తెలియాలి కదా. అన్న ఆటో పెట్టి వచ్చి చూసి, జాలీ కొసలు గుచ్చుకోకుండా గుడ్డపేలికలు చుట్టాడు. అమ్మ ఇదే సందని వదిన దిండు కింద కొడవలి పెట్టింది. ఇనుముకు కరెంటు భయపడుతుందా అని అడిగితే, "నీ జాలీ ఏందిరా మరి, బంగారమా" అంది. ఈ ఇంట్లో అన్నీ మూఢనమ్మకాలే.

వదినకు సరిగా నిద్ర లేదు. లోపలికి పోవడానికి భయం, బయటికి రావడానికి భయం.

నీ లాబ్ కాగితం మీద రాసి పంపు. ఈ లైను కడుపులో బిడ్డకు హాని అని, కోడిపిండంలో కళ్లారా చూశానని. స్టాంపు వేయించు. ఆ ఇంజనీరు మొహాన అంటిస్తాను. రాయకపోతే నువ్వూ వాళ్ల మనిషివే అనుకుంటాను.

సాయిచంద్


బెంగళూరు,
23 ఆగస్టు 1998

సాయీ,

ఆ కాగితం నేను రాయను. ముందు నన్ను తిట్టుకో, తర్వాత మిగతాది చదువు.

పిండం కరెంటు ఒకే దిక్కుకి నెమ్మదిగా కారే ధార. లైను కరెంటు సెకనుకి యాభైసార్లు ఇటూ అటూ ఊగేది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తాం కాబట్టి రెండూ ఒకటి కావు. ట్యూబు వెలిగిందంటావా, వెలుగుతుంది, అది నిజం. కానీ మనిషి ఒంట్లో అంతా తడి, ఉప్పు. బయటిది చాలావరకు చర్మం దగ్గరే ఆగిపోతుంది. అంత లోపల, గర్భసంచిలో, నీళ్ల మధ్య ఉన్నదాని దాకా చేరేది ఏమీ లేనంత తక్కువ. కరెంటు లెక్కలో నీ జాలీ తప్పు కాదు. మనిషి లెక్కలో తప్పు. కనకం కోడి కాదు.

ఏ హానీ లేదని ప్రమాణం చేయమంటే చేయలేను. తీగల కింద బతికేవాళ్ల గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఆ కేసులో నా కోడిపిండం సాక్షి కాదు. దాన్ని బోనెక్కించకు.

ఇంటి మీదుగా లైను వేసినందుకు పోట్లాడాలంటే పోట్లాడు. తీగ తెగి పడితే ఏంటని అడుగు, గాలిపటం ఎగరేసే పిల్లలున్నారని చెప్పు. ఆ అర్జీ నేనే రాసిస్తాను. ఇది మాత్రం వద్దు. నిద్రలేని మనిషికి నిద్ర లేకపోవడమే హాని.

ఉమక్క


కొండాపూర్,
2 సెప్టెంబరు 1998

ఉమాశ్రీ గారికి,

అందింది. 'ప్రమాణం చేయమంటే చేయలేను' అని రాశారు. ఆ ఒక్క ముక్క వదినకు చదివి వినిపించాను. మిగతాది చదవలేదు, మిగతాదంతా మీ పెద్ద చదువు. వదిన గోడవైపు తిరిగి పడుకుంది. నిన్నటినుంచి గంజి తప్ప ఏదీ దిగడం లేదు.

ఇగ రాయకండి. గది కిరాయికి ఇచ్చేస్తున్నాం.

సాయిచంద్


బెంగళూరు,
11 సెప్టెంబరు 1998

సాయీ,

నన్ను 'గారు' అన్నావు. మా నాన్న పోయినప్పుడు ఏడ్చాను, మళ్లీ ఇప్పుడే.

గది ఇచ్చుకో. కానీ ఈ కింద ఉన్నది కనకానికి. ఆమెకి చదవడం రాదు, నువ్వే చదవాలి. జాలీ పక్కన కూర్చుని, మొదటినుంచి చివరిదాకా. ఒక్క ముక్క మింగావంటే పిన్నిగారితో చెప్పి నీకు అన్నం బంద్ చేయిస్తాను.

కనకం, నేను ఉమని. మీ మరిది గొంతుతో నేను మాట్లాడుతుంటే నీకు నవ్వొస్తుందేమో. నవ్వు, పరవాలేదు.

నేను నీ మరిదికి గొప్పలు రాశాను. తోక రాలేదన్నానే, అది ఒక్క గుడ్డు. ఒకే ఒక్కటి. ఆ తర్వాత గొట్టం గుచ్చినవాటిలో చాలావాటికి తోక శుభ్రంగా వచ్చింది. ఇంకో సంగతి, కరెంటు పారడానికి వీల్లేని గట్టి గాజుపుల్ల గుచ్చితే, అందులోనూ ఒకదానికి తోక రాలేదు. అంటే ఆ తోక కరెంటు చెదిరి పోయిందో, నా చేతి మోటుదనం వల్ల పోయిందో నాకే తెలీదు. ఇది మా సారుకి చెప్పాను. సాయికి చెప్పలేదు. సాయి నన్ను పెద్ద శాస్త్రజ్ఞురాలిని అనుకుంటాడు, అట్లాగే అనుకోనిద్దామని. ఆ గొప్ప తీసుకొచ్చి నీ మంచానికి జాలీ కట్టింది. తప్పు నాది, కట్టిన చేతులు మాత్రమే వాడివి.

పోయినేడు ఏం జరిగిందో నాకు గుర్తుంది. ఆటోలో నా చెయ్యి పట్టుకుని, నేనేం చేశాను ఉమక్కా అని అడిగావు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నువ్వేం చేయలేదు. అప్పుడు లైనూ లేదు. కొన్ని నిలబడవు. వాటిలో చాలావాటికి మొదటి రోజుల్లోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, తల్లి చేసిన పనితో సంబంధం లేదు.

ఇప్పుడు ఆరో నెల కదా. కదులుతోందా? కదిలితే దానితోనే మాట్లాడు, మా ఇద్దరి మాటా వినకు. అన్నం తిను. నెలనెలా దవాఖానలో చూపించుకో.

ఉమక్క


కొండాపూర్,
25 అక్టోబరు 1998

ఉమక్కా,

చదివాను. మొదటినుంచి చివరిదాకా. 'కట్టిన చేతులు మాత్రమే వాడివి' దగ్గర ఆగి, దగ్గి, మళ్లీ చదివాను. ఆటో మాట దగ్గర వదిన ఏడ్చింది. గాజుపుల్ల సంగతి దగ్గర లేచి కూర్చుంది. నువ్వు నా ముందు గొప్పగా కనబడాలనుకున్నావని విన్నప్పుడు మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. "నీ ముంగట గొప్పనా? గా చదువుకున్నామెకు ఇంకెవ్వలు దొరకలేదా" అంది. నవ్విన తర్వాత నా వైపు చూసి, "కోడి చెప్పిందని నన్ను బెదిరిస్తివి గదా. పో, గా కోడినే అడుగు, ఏమంటదో" అంది. ఆ జాలీ ఇప్పుడే ఊడదీయమంది. ఊడదీశాను. అన్న పేలికలు విప్పుతూ ఒక్కటే మాటన్నాడు, ఇగ నేను గూడ మంచం మీద పండుకోవచ్చు అని. ఇన్ని రోజులూ కింద పడుకున్నాడు, నాకు తట్టనే లేదు.

కోడిని అడిగాను. రెండు పొదుగు కోళ్లు. గుడ్లన్నీ ఒక్కచోటే తెచ్చి, కలిపి, వదినతో కళ్లు మూసుకుని రెండు కుప్పలు చేయించాను. ఒక గంప మన పెరట్లో సరిగ్గా తీగల కింద. ఇంకోటి ప్రగతి నగర్‌లో, చెరువు పక్కన మా మేనమామ యాదయ్య ఇంట్లో. అక్కడ ఏ లైనూ లేదు. కోడిపిల్లలు లేచేదాకా నాకు సైటులో పని మీద మనసు లేదు, ఒకసారి న్యూట్రల్ వైరు కలపడం మర్చిపోయి మేస్త్రీతో తిట్లు తిన్నాను. అన్ని పిల్లలూ దాదాపు ఒకేనాడు లేచాయి. మన దగ్గర రెండు గుడ్లు మురిగాయి, మామ దగ్గర మూడు. ప్రతి పిల్లకూ తోక ఉంది. తోకలు ఎత్తి చూస్తుంటే మామ నన్ను ఆసుపత్రిలో చూపించమని అమ్మకు కబురు పెట్టాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే నీ ప్రయోగానికి ద్రోహం. గంప కడుగుతుంటే మన దాంట్లో ఇనుప చీల దొరికింది. నా ప్రాణం పోయింది. అమ్మను అడిగితే, పెట్టానంది, దాచలేదు. మరి ప్రగతి నగర్ గంపలో? అందులోనూ పెట్టిందట. నేను పనికి పోయినప్పుడు బస్సెక్కి పోయి పెట్టి వచ్చిందట. ఎందుకని అరిచాను. "ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటె పాపం గాదారా" అంది.

ఇప్పుడు ఇది లెక్కలోకి వస్తుందా రాదా? నిజం చెప్పు. గొప్ప చెప్పకు.

గది ఇయ్యలేదు. ఊరికే రాశాను.

సాయి


బెంగళూరు,
8 నవంబరు 1998

సాయీ,

నేనూ మా సారూ ఆయన గదిలో కూర్చుని నీ ఉత్తరం చదివాం. నేను కన్నడంలోకి, ఆయన నవ్వులోకి.

లెక్కలోకి వస్తుంది. ఒక గంపకే పెట్టి ఉంటే, లైనా ఇనుమా అని మనిద్దరం ఇంకో ఏడాది కొట్టుకునేవాళ్లం. రెండింటికీ పెట్టారు కాబట్టి తేడా ఏమైనా ఉంటే ఆ తేడా లైనుదే. పిన్నిగారు పాపం అన్నదాన్ని మేం ఇంకేదో పేరు పెట్టి పిలుస్తాం. కానీ గొప్ప చెప్పకు అన్నావు కాబట్టి ఇది కూడా విను. రెండు గంపల గుడ్లతో లైను మంచిదని తేలిపోలేదు. కోడి మనిషీ కాదు. నీకు తేలింది ఒక్కటే, నువ్వు భయపడినంత పెద్ద ముప్పయితే గంపలో కనిపించేది. కనిపించలేదు. అంతవరకే పట్టుకో.

నా చెయ్యి కుదిరింది. ఇప్పుడు గాజుపుల్ల గుచ్చితే తోకలు చాలావరకు బాగానే వస్తున్నాయి, బోలు గొట్టం పెట్టినవాటిలో చాలా పోతున్నాయి. నేను మొదట అన్నదే నిజం కావచ్చు. కావచ్చు అనే రాస్తున్నాను చూడు, నీ దెబ్బకి.

సంక్రాంతి దాటాక వస్తాను. ఈలోపు బిడ్డ పుట్టగానే రాయి. కళ్లూ చెవులూ వేళ్లూ అన్నీ ఉన్నాయా చూసి మరీ రాయి. ఇది లాబ్ మనిషి అడగడం కాదు.

ఉమక్క


కొండాపూర్,
27 డిసెంబరు 1998

ఉమక్కా,

అన్నీ ఉన్నాయి. ఒకటి ఎక్కువే ఉంది.

ఆడపిల్ల. మొన్న పొద్దున దవాఖానలో పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చినప్పుడు ఎడమ చెయ్యి బయటికి ఉంది. చిటికెన వేలు పక్కన ఇంకో చిన్న వేలు, మిరపగింజంత గోరుతో.

నీ ఉత్తరాలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఏ భాగం ఎక్కడ రావాలో కరెంటు చెబుతుందని నువ్వు రాసిన మాట, ట్యూబులైటు, నేను ఊడదీసిన జాలీ. ఊడదీయకుండా ఉండాల్సింది అనిపించింది. పోయి ఆ టవరు ఎక్కి తీగలు తెంపుదామని కూడా అనిపించింది. వదిన బిడ్డను చూడలేదు. నన్ను చూసింది. మెల్లగా అడిగింది, "అదేనా సాయి?"

ఏం చెప్పాలి? గోడకానుకుని నిలబడ్డాను.

అమ్మ లేచింది. అన్న చెయ్యి గుంజి, ఎడమ చిటికెన వేలు పక్కన ఉన్న చిన్న కాయలాంటి మచ్చను వదిన ముందు పెట్టింది. చిన్నప్పటినుంచి నేను ఆ మచ్చను చూస్తూనే ఉన్నాను, పులిపిరి అనుకున్నాను.

"వీడు పుట్టినప్పుడు వీడికి గూడ ఇట్లనే ఉండె. మంత్రసాని చెన్నమ్మ ఎంట్రుకతోని గట్టిగ కట్టింది, ఎండి రాలిపోయింది. నా పెనిమిటికి ఉండె, వాళ్లమ్మకు ఉండె. అప్పుడు మన ఇంట్ల బుడ్డి దీపమేనాయె, కరెంటే లేకుండె" అంది.

ఇంత కాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు కరెంటు గురించి అడిగినవ్. వేళ్ల గురించి ఎప్పుడన్న అడిగినవా" అంది.

వదిన అప్పుడు బిడ్డను తీసుకుంది. అన్న వేలునూ బిడ్డ వేలునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఎముక లేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ వెంట్రుక తెస్తానంది. వదిన ఇద్దరికీ వద్దంది. పెద్దయినాక దాని వేలు, దాని ఇష్టమట.

ఆ చిన్న చేతికి నా వేలు అందించాను. ఆరు వేళ్లతోనూ పట్టుకుంది. నన్ను అట్లనే నిలబెట్టింది. ఆటో బయట హారన్ కొడుతున్నా గుంజుకోలేకపోయాను.

నువ్వు రాసిస్తానన్న అర్జీ ఇప్పుడు కావాలి. తీగ తెగి పడితే ఏంటి అనేది. ఆ లైను మా ఇంటి మీదనుంచి తీసేయాల్సిందే, బిడ్డ నడిచేలోపల. ఈసారి టేబులు గుద్దను.

సంక్రాంతి దాటినాక వస్తానని రాశావు. గది ఊడ్చి పెట్టాను, పొదుగుపెట్టెలో బల్బు మళ్లీ పెట్టాను. జాలీ కోళ్లకు వేశాం.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే అమ్మ ఉయ్యాలలో బిడ్డ తల కింద చీల పెట్టింది. తీసి చూశాను. తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, గుడ్డలో చుట్టి, మళ్లీ అక్కడే పెట్టాను.

సాయి